చీమకుర్తి నల్లరాయి లా స్పెజియా రేవులో దిగాలంటే

ఒంగోలు పక్కన చీమకుర్తిలో తీసిన బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయి దిమ్మ ఇటలీలో ఎక్కడో ఒకచోట పలకలుగా కోతకు వెళ్లాలి. ఆ కోత యార్డులు ఎక్కువగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి కరారా పాలరాతి కొండల కింద, రెండోది వెరోనా చుట్టుపక్కల. ఈ రెంటికీ సరుకు చేర్చడానికి దగ్గరి దారుల్లో ఒకటి లిగూరియా తీరంలోని లా స్పెజియా రేవు. దిమ్మని గానీ పలకల్ని గానీ అక్కడ చిక్కు లేకుండా దింపించుకోవడానికి ఏం చేయాలో వరసగా చూద్దాం. ఒక మాట ముందే అనుకోవాలి: లా స్పెజియాలో కంటైనర్ ఆగిపోయిందంటే చాలాసార్లు దాని మూలం క్వారీ యార్డులో కట్టిన కట్టులోనో, మీ ఆఫీసులో టైపు చేసిన కాగితంలోనో ఉంటుంది. అందుకే సగం పైగా అక్కడి పని కాదు, ఇక్కడి పనే చెప్పాల్సి వస్తోంది.

ఏ రేవు, ఏ పద్ధతి

లా స్పెజియా ప్రధానంగా కంటైనర్ల రేవు. పెద్ద టెర్మినల్ మోలో ఫోర్నెల్లి అనే జెట్టీ మీద ఉంది. చోటు ఇరుకు, వెనక కొండలు. అందుకే రేవు తన వెనక యార్డుని కొండకి అవతల, మాగ్రా లోయలోని సాంతో స్తెఫానో ది మాగ్రాలో పెట్టుకుంది. రైలు వాడకంలో ఇటలీ రేవుల్లో ఇది ముందుండే రేవు. పాదోవా వైపు, మిలాన్ దగ్గరి మెల్త్సో వైపు కంటైనర్ రైళ్లు నడుస్తాయి. రోడ్డు మీద అయితే ఎ15 హైవే పార్మా వైపు కొండలు దాటిస్తుంది, ఎ12 తీరం వెంబడి జెనోవా, లివోర్నోలకు పోతుంది.

అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలో మరీనా ది కరారా రేవు. అది రాతి కోసమే పెరిగిన రేవు. దిమ్మల్ని కంటైనర్ లేకుండా విడిగా ఓడ కడుపులో పేర్చి తెచ్చి, క్రేన్‌తో మోకు వేసి దింపుతారు. 2016 సంస్కరణ తర్వాత రెండు రేవులూ ఒకే పాలక సంస్థ కిందికి వచ్చాయి.

ఎంపిక సూత్రం ఇది. ఒకటి రెండు కంటైనర్ల సరుకు, పాలిష్ పలకలు, 13 టన్నుల లోపు దిమ్మలు అయితే కంటైనర్లో లా స్పెజియాకి పంపండి. ఒక్కోటి 20 టన్నులు దాటే దిమ్మలు వందల టన్నుల లెక్కన పోగైతే, ఇంకో ఎగుమతిదారుతో కలిసి అయినా సరే, విడి సరుకు ఓడ గురించి ఆలోచించండి. మధ్యలో ఉన్నవాళ్లకి ఫ్లాట్ ర్యాక్ అనే రకం కంటైనర్ ఉంది. పక్క గోడలు, పైకప్పు ఉండవు, అడుగు బలంగా ఉంటుంది, పైనుంచి క్రేన్‌తో పెట్టవచ్చు. ఖర్చు మాత్రం కొరుకుతుంది.

బరువు లెక్క: ఇన్వాయిస్ కొలత నమ్మకండి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. నల్లరాయి ఘనమీటరుకి సుమారు 3 టన్నులు తూగుతుంది. దిమ్మ అసలు కొలత 270 × 170 × 190 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 8.72 ఘనమీటర్లు, 26 టన్నుల పైచిలుకు. కానీ కొనుగోలుదారుతో ఒప్పందం ప్రకారం ప్రతి కొలతలో 5 సెంటీమీటర్లు తగ్గించి ఇన్వాయిస్ వేశారు. అప్పుడు కాగితం మీద 265 × 165 × 185, అంటే 8.09 ఘనమీటర్లు. దాన్ని 3తో హెచ్చవేసి బరువు రాస్తే సుమారు 1.9 టన్నులు మాయమైపోతాయి. డబ్బు లెక్కకి ఆ తగ్గింపు సరే, క్రేన్‌కి, లారీ ఇరుసుకి మాత్రం తగ్గింపు తెలియదు.

2016 జూలై 1 నుంచి సముద్ర భద్రతా ఒప్పందం సోలాస్ ప్రకారం తూచిన బరువు, అంటే వీజీఎం, ఇవ్వకుండా కంటైనర్‌ని ఓడ ఎక్కించరు. తూచడం రెండు రకాలు. నింపి సీలు వేసిన కంటైనర్‌ని మొత్తంగా కాటా మీద పెట్టడం ఒకటి. దిమ్మలు, చెక్క, గొలుసులు విడివిడిగా తూచి ఖాళీ కంటైనర్ బరువు కలపడం రెండోది. రాయికి మొదటిదే మేలు. చెక్క, కట్టు సామాను అంతా కలిసి 300 నుంచి 500 కిలోలు లాగేస్తుంది, దాన్ని ఎవరూ సరిగా తూచరు. కాటా చీటీ మీద లారీ బరువు ఎంత మినహాయించారో చూసుకోండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకలా, ఖాళీ అయ్యాక ఒకలా తూచినా రెండు మూడు వందల కిలోల తేడా వస్తుంది.

ఎంత దాకా నింపవచ్చు? 20 అడుగుల కంటైనర్ తలుపు మీద రాసి ఉండే గరిష్ఠ మొత్తం బరువు సాధారణంగా 30,480 కిలోలు, ఖాళీ బరువు 2,200 చుట్టూ. అంటే 28 టన్నుల దాకా పడుతుందని లెక్క. అంత నింపకండి. ఇటలీ రోడ్ల మీద 5 ఇరుసుల లారీకి మొత్తం బరువు 44 టన్నులు మించకూడదు. ట్రాక్టరు, ట్రెయిలరు కలిసి 13, 14 టన్నులు ఉంటాయి. బరువైన ట్రాక్టర్ వస్తే మీ 28 టన్నుల కంటైనర్ గేటు దాటగానే చట్టం దాటుతుంది, డ్రైవర్ ఎత్తడు. చెక్కతో కలిపి 26.5 దగ్గర ఆపితే ఏ లారీ వచ్చినా పని జరుగుతుంది. సరుకు ఇటలీ దాటి స్విట్జర్లాండ్ వైపు పోయేదైతే అక్కడ పరిమితి 40 టన్నులు, ఇంకా తగ్గించుకోవాలి. ఓడ కంపెనీలు బరువైన 20 అడుగుల కంటైనర్లకి సొంత పరిమితి, అదనపు ఛార్జీ పెట్టుకుంటాయి. బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

దిమ్మ కట్టడం

కంటైనర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, తలుపు వెడల్పు 2.34, ఎత్తు 2.28. కంటైనర్ అడుగు ప్లైవుడ్, దాని కింద అడ్డంగా ఇనుప దూలాలు. 26.5 టన్నులు 5.9 మీటర్ల పొడవునా పరుచుకుంటే మీటరుకి 4.5 టన్నులు. అదే బరువు 2.7 మీటర్ల దిమ్మ రూపంలో నడిమధ్య కూర్చుంటే మీటరుకి 9.8 టన్నులు. తలుపు మీది పరిమితికి లోబడే ఉన్నా ఈ రెండో కంటైనర్ అడుగు కుంగవచ్చు. క్రేన్ నాలుగు మూలలు పట్టి ఎత్తినప్పుడు పొట్ట కిందికి జారినట్టు కనిపిస్తే టెర్మినల్ వాళ్లు పక్కన పెట్టేస్తారు. అందుకే ఒక 26 టన్నుల దిమ్మ కంటే రెండు 13 టన్నుల దిమ్మలు ఎప్పుడూ నయం. మధ్య గీతకి చెరో వైపు సమానంగా, బరువు కేంద్రం కంటైనర్ నడిమికి వచ్చేట్టు పెట్టండి.

దిమ్మ కింద దుంగలు కంటైనర్ పొడవు వెంట పరచండి, అడ్డంగా కాదు. అడ్డంగా పెడితే బరువంతా ఒకటి రెండు దూలాల మీద పడుతుంది. పొడవు వెంట పెడితే అదే బరువు చాలా దూలాలకు పంచుకుపోతుంది. దుంగలు దిమ్మకి రెండు చివర్లా దాటి ఉండాలి, గట్టి చెక్కై ఉండాలి. దుంగకీ అడుగుకీ మధ్య, రాయికీ దుంగకీ మధ్య రబ్బరు చాపలు వేయండి. చెక్క మీద రాయి తడిస్తే జారుతుంది. రబ్బరు ఉంటే ఘర్షణ గుణకం 0.6 దాకా లెక్క వేసుకోవచ్చు.

సముద్రంలో పక్కకి ఊగినప్పుడు సరుకు బరువులో 0.8 వంతు దాకా బలం పక్కలకి తోస్తుందని కంటైనర్ ప్యాకింగ్ నియమావళి లెక్క. 26 టన్నుల రాయి దాదాపు 21 టన్నులతో గోడని తోస్తుందన్నమాట. కంటైనర్ పక్క గోడలు మోయగల సరుకులో 0.6 వంతు బలానికి పరీక్షిస్తారు, అదీ గోడంతా సమానంగా పరుచుకున్నప్పుడు. తలుపు, ఎదుటి గోడ 0.4 వంతుకి. ఒక మూల పొడుచుకొచ్చే రాయికి ఆ రేకు చిత్తు కాగితంతో సమానం. కాబట్టి ఊతం గోడ రేకుకి ఇవ్వకండి. నేల మట్టంలో, కింది ఇనుప రైలుకి ఆనేట్టు చెక్క చట్రం కొట్టండి. పొడవు వైపు మిగిలిన ఖాళీని మూల స్తంభాల దాకా వెళ్లే చట్రంతో నింపండి. చీలలు నేలలోకి కొట్టిన ముక్కలు ఒక్కటే చాలవు, అవి అడ్డు మాత్రమే.

దిమ్మ కింద, కోత యార్డు వాళ్లు లాగి తీయడానికి తీగమోకు దూర్చే సందు వదలాలి. 8 నుంచి 10 సెంటీమీటర్లు చాలు. ఈ సందు మరిచిపోతే అవతలి వాళ్లు ఫోర్క్‌లిఫ్ట్ పళ్లతో దిమ్మ అంచు కెలుకుతారు. అంచు ఊడితే మీ మీదికే వస్తుంది.

పలకలైతే

2 సెంటీమీటర్ల మందం పలక చదరపు మీటరుకి 60 కిలోలు. 2.8 × 1.75 మీటర్ల పలక 294 కిలోలు. ఏడేసి పలకల కట్టలు 12 పెడితే 84 పలకలు, సుమారు 412 చదరపు మీటర్లు, 24.7 టన్నులు. చెక్క కలిపితే 25 దాటుతుంది. పొడవు వెంట రెండు వరసలు, ఒక్కో వరసలో ఆరు కట్టలు, పైన దగ్గరగా, కింద దూరంగా, వాలుగా ఆనుకుని. పాలిష్ ముఖాలు ఎదురెదురుగా, మధ్య ప్లాస్టిక్ పొర. ఎక్కించేటప్పుడు ఒక పక్క మొత్తం నింపి రెండో పక్కకి పోవద్దు, ఒకటి ఇటు, ఒకటి అటు.

ఇది మనుషుల్ని చంపే సరుకు, అతిశయోక్తి కాదు. ఒక్క కట్ట 2 టన్నులు. దింపేటప్పుడు పట్టీ తెంచగానే కట్ట వాలుతుంది. మధ్య సందులోకి మనిషి దిగకూడదు, క్రేన్ పట్టు పడకముందు ఒక్క పట్టీ కూడా కోయకూడదు. ప్రతి కట్టకీ విడిగా ఒక ఊతం, దానికి తోడు అన్నిటినీ కలిపి పైన ఒక కట్టు ఉండాలి. ఏ వరస నుంచి మొదలుపెట్టి తీయాలో నంబర్లు వేసి, ఫొటోలు తీసి ఇటలీ యార్డుకి పంపండి. వాళ్లకి మన భాష రాకపోయినా 1, 2, 3 అర్థమవుతాయి.

చెక్క ముద్ర

యూరప్‌లోకి వచ్చే చెక్క ప్యాకింగ్ అంతటికీ ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు, కావాలి. వేడి పద్ధతిలో శుద్ధి చేస్తే చెక్క నడిమి భాగం 56 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కనీసం 30 నిమిషాలు వేడెక్కాలి, బెరడు ఉండకూడదు, గోధుమ కంకి గుర్తున్న ముద్ర కనబడాలి. పెట్టెలకి ముద్ర వేయించి, కింద వేసిన దుంగల్ని, అప్పటికప్పుడు యార్డులో కోసి కొట్టిన చీలికల్ని మరిచిపోతారు. వాటికీ ముద్ర ఉండాల్సిందే. ముద్ర ఉన్న దుంగని రెండుగా కోస్తే ముద్ర లేని సగం చెల్లదు. దుంగ మీద పురుగు కన్నమో, కన్నం పక్కన రంపపు పొడి లాంటి పొట్టో కనిపిస్తే మొక్కల తనిఖీవాళ్లు ఆపేస్తారు. పెట్టె అయితే చెక్క మార్చవచ్చు. 13 టన్నుల దిమ్మ కింద ఉన్న దుంగని మార్చాలంటే క్రేన్, కూలీ, రోజులు, అన్నీ మీ ఖాతాలోనే.

ఓడ బయల్దేరే ముందు కాగితాలు

కంటైనర్‌ని యూరప్‌కి తీసుకెళ్లే ఓడలోకి ఎక్కించడానికి కనీసం 24 గంటల ముందే సరుకు వివరాలు యూరప్ కస్టమ్స్ వ్యవస్థకి చేరాలి. 2024 నుంచి సముద్ర సరుకు కూడా ఐసీఎస్2 అనే కొత్త వ్యవస్థలోకి వచ్చింది. అది ఆరంకెల వస్తు సంకేతం, సూటిగా ఉండే వర్ణన, దిగుమతిదారు ఈవోఆర్‌ఐ సంఖ్య (యూరప్ కస్టమ్స్ దగ్గర నమోదు సంఖ్య) అడుగుతుంది. 'రాయి', 'జనరల్ కార్గో' అని రాస్తే వెనక్కి కొడుతుంది. చెన్నైలో ఎక్కి కొలంబోలో మారే సరుకైనా చెన్నైలో సరుకు అప్పగించే ఆఖరి గడువుకే వివరాలు ఇవ్వమని ఓడ కంపెనీ అడుగుతుంది. ఆలస్యమైతే అక్కడే మిగిలిపోతుంది.

సంకేతం దగ్గర చిన్న పీటముడి. గరుకు దిమ్మ 2516 11, రంపంతో నలుచదరంగా కోసిన దిమ్మ 2516 12, పాలిష్ పలకలు అయితే 6802 శీర్షిక. భూగర్భ శాస్త్రం ప్రకారం బ్లాక్ గెలాక్సీ గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో అది గ్రానైట్. ఈ వాదన తేల్చే పని మనది కాదు. షిప్పింగ్ బిల్లులో ఒకలా, ఇన్వాయిస్‌లో ఇంకోలా, మూలధృవీకరణ పత్రంలో మరోలా రాయకుండా ఉంటే చాలు. దిగుమతిదారు కస్టమ్స్ ఏజెంటుతో, అక్కడి మాటలో స్పెదిత్సియొనియేరే దొగానాలేతో, ఓడ ఎక్కకముందే సంకేతం, సుంకం ఖాయం చేసుకోండి.

ప్యాకింగ్ లిస్టులో ప్రతి దిమ్మ నంబరు, అసలు కొలత, వాణిజ్య కొలత, బరువు వేర్వేరు వరసల్లో ఉండాలి. దిమ్మ మీద రాసిన నంబరు రెండు ముఖాల మీద, చెరగని రంగుతో ఉండాలి. ఒక ముఖం గోడకి ఆనితే రెండోదైనా కనబడుతుంది.

బి.ఎల్., అంటే ఓడ కంపెనీ సరుకుకి ఇచ్చే రసీదు (బిల్ ఆఫ్ లేడింగ్), సంగతి: ఒరిజినల్స్ బ్యాంకు ద్వారా పోతుంటే ఓడ కంటే అవి ముందు చేరతాయో లేదో లెక్క వేసుకోండి. నమ్మకమైన కొనుగోలుదారు, డబ్బు చేతికొచ్చింది అంటే టెలెక్స్ రిలీజ్, అంటే ఒరిజినల్ కాగితం లేకుండానే సరుకు ఇచ్చే ఏర్పాటు, చేయించండి. దిగుమతి ఖర్చులన్నీ మీరే పెట్టుకుని ఇంటి దాకా చేరుస్తామని డీడీపీ ఒప్పుకోకండి. 22 శాతం ఇటలీ విలువ ఆధారిత పన్ను, ఈవోఆర్‌ఐ సంఖ్య, అక్కడ మీ తరఫున పూచీ పడే ప్రతినిధి, అన్నీ మీ నెత్తిన పడతాయి.

దారి గురించి రెండు మాటలు. సూయెజ్ గుండా వెళ్లే ఓడకీ, ఎర్రసముద్రం గొడవల వల్ల ఆఫ్రికా చుట్టి వెళ్లే ఓడకీ పది పన్నెండు రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. కొన్ని కంటైనర్లు కాలాబ్రియాలోని జోయా తౌరో లాంటి మార్పిడి రేవులో ఇంకో ఓడ ఎక్కుతాయి. లా స్పెజియాకి తెచ్చే చివరి ఓడ పేరు తెలియకుండా అక్కడ లారీ మాట్లాడకండి.

గట్టు మీద జరిగేది

ఓడ లా స్పెజియా గల్ఫ్‌లోకి రాగానే దారి చూపే రేవు పైలట్ ఎక్కుతాడు, టగ్గులు జెట్టీకి తోస్తాయి. గట్టు మీది గ్యాంట్రీ క్రేన్ స్ప్రెడర్ అనే ఇనుప చట్రంతో నాలుగు మూలల్ని పట్టి ఎత్తి కింద పెడుతుంది. బరువు మీరు చెప్పినదానికి భిన్నంగా ఉంటే ఈ క్షణంలోనే బయటపడుతుంది, ఎందుకంటే క్రేన్‌లో బరువు తూచే లోడ్ సెల్ ఉంటుంది. అక్కణ్ణుంచి యార్డు పెట్టెల దొంతరలోకి. బరువైన కంటైనర్లు కింద వరసలో ఉంటాయి కనుక మీది తీయాలంటే పైవాటిని జరపాలి. లారీ రాక ముందే టెర్మినల్‌కి తెలియాలని పట్టుబట్టేది ఇందుకే.

చలికాలంలో గాలి పెరిగితే క్రేన్లు ఆపేస్తారు, ఓడ బయటే లంగరు వేస్తుంది. ఇటలీలో సమ్మెలు తరచుగా జరుగుతాయి, కాకపోతే రవాణా రంగంలో కొన్ని రోజుల ముందే ప్రకటించాల్సి ఉంటుంది. ఆ తేదీలు ఏజెంటుని అడిగి తెలుసుకోండి. ఆగస్టు మాత్రం ఎవరూ ప్రకటించరు, అందరికీ తెలుసనుకుంటారు: 15వ తేదీ చుట్టూ రెండు మూడు వారాలు కోత యార్డులు మూసేస్తారు. జూలై చివర దిగే కంటైనర్ సెప్టెంబరు దాకా అద్దె తింటూ కూర్చుంటుంది. ఆదివారాలు, పండగ రోజుల్లో పెద్ద లారీలకి రోడ్ల మీద నిషేధం కూడా ఉంది.

కస్టమ్స్

దిగుమతి ప్రకటన ఎలక్ట్రానిక్‌గానే దాఖలవుతుంది. ఓడ ఇంకా దారిలో ఉండగానే దాఖలు చేసే వెసులుబాటు లా స్పెజియాలో ఉంది, అడిగి వాడుకోండి. వ్యవస్థ నాలుగు దార్లలో ఒకటి చూపిస్తుంది: సీఏ అంటే పచ్చ, అలాగే వదిలేస్తారు. సీడీ కాగితాల పరిశీలన. సీఎస్ స్కానర్. వీఎం అంటే పెట్టె విప్పి చూడటం.

దిమ్మలకి స్కానర్ పడితే ఒక ఇబ్బంది. 1.7 మీటర్ల మందం నల్లరాయి బరువు లెక్కన 65 సెంటీమీటర్ల ఉక్కుకి సమానం. ఎక్స్‌రే అంత లోపలికి దూరదు, తెర మీద నల్లటి ముద్ద కనిపిస్తుంది. అక్కడినుంచి విప్పి చూసే దారికి మళ్లవచ్చు. కట్టే దశలో తీసిన ఫొటోలు, అంటే ఖాళీ కంటైనర్, దుంగలు పరిచాక, దిమ్మ ఎక్కాక, సీలు వేశాక, నాలుగూ తేదీతో ఏజెంటు దగ్గర ఉంటే మాట సులువవుతుంది. తనిఖీ కోసం సీలు తెంచితే కొత్త సీలు నంబరు రాయించుకోవడం మరవొద్దు. లేకపోతే తర్వాత నష్టపరిహారం అడిగినప్పుడు పాత సీలు ఎక్కడ అంటారు.

కస్టమ్స్ విలువలో యూరప్ సరిహద్దు దాకా రవాణా ఖర్చు కలపాలి. మీ ఇన్వాయిస్ ఎఫ్‌ఓబీ, అంటే ఓడ ఛార్జీ కలపని ధర, అయితే ఓడ ఛార్జీ బిల్లు లేకుండా ప్రకటన ఆగుతుంది. విలువ ఆధారిత పన్ను 22 శాతం దిగుమతిదారు కట్టుకోవాలి. ఎగుమతులు ఎక్కువగా చేసే ఇటలీ కంపెనీలకి ప్లఫోన్ అనే పరిమితి మేరకు ఆ పన్ను లేకుండా దించుకునే వీలుంది. అన్నీ అయ్యాక ఎమ్ఆర్ఎన్ సంఖ్యతో, అంటే ఆ ప్రకటనకి కస్టమ్స్ ఇచ్చే నంబరుతో, విడుదల పత్రం వస్తుంది. తాత్కాలిక నిల్వలో సరుకు 90 రోజులు ఉండవచ్చు. అన్ని రోజులు ఉంచే స్తోమత మాత్రం ఎవరికీ ఉండదు.

ఎందుకంటే మీటర్లు మూడు తిరుగుతుంటాయి. టెర్మినల్ స్థలం అద్దె, కంటైనర్ రేవులోపల ఉన్నందుకు ఓడ కంపెనీ వేసే డెమరేజ్, బయటికి తీసుకెళ్లి తిరిగివ్వనందుకు డిటెన్షన్. మూడింటికీ ఉచిత రోజులు వేర్వేరు, మొదలయ్యే క్షణం కూడా వేరు. బుకింగ్ అప్పుడే 14 రోజులు కలిపి అడిగితే చాలాసార్లు ఇస్తారు, ఓడ దిగాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

గేటు దాటించడం

విడుదల పత్రం, ఓడ ఏజెంటు ఇచ్చే డెలివరీ ఆర్డర్, లారీ ముందస్తు బుకింగ్, ఈ మూడూ టెర్మినల్ కంప్యూటర్‌లో కలవాలి. కంటైనర్ నంబరులో చివరి అంకె, గడిలో రాసేది, మిగతా నంబరు సరిగా ఉందో లేదో తేల్చే తనిఖీ అంకె. టైపు తప్పు ఉంటే ఇక్కడ పట్టుబడుతుంది. గేటు దగ్గర డ్రైవర్ పెట్టె చుట్టూ తిరిగి సీలు, పక్క రేకు ఉబ్బు, అడుగు కుంగుడు చూసి రసీదులో రాయించాలి. ఏమీ రాయకుండా సంతకం పెడితే పెట్టె బాగున్నట్టు ఒప్పుకున్నట్టే.

వెరోనా వైపు రెండు మూడు కంటైనర్లు ఒకేసారి పోయేట్టుంటే ముందు రైలు ధర కనుక్కోండి. బరువైన పెట్టెలకి 44 టన్నుల బెడద రైలు మీద ఉండదు, చివరి కొద్ది కిలోమీటర్లకే లారీ.

విడి దిమ్మలు: మరీనా ది కరారాలో మోకు

ఇక్కడ ముఖ్యమైంది మోకు కోణం. 20 టన్నుల దిమ్మని రెండు కాళ్ల మోకుతో నిట్టనిలువుగా ఎత్తితే ఒక్కో కాలు మీద 10 టన్నులు. కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే 11.5. 90 అయితే 14. 120కి వస్తే ఒక్కో కాలూ పూర్తి 20 టన్నులు మోస్తుంది. పొట్టి మోకుతో సర్దుకుందామనుకునే దగ్గరే తెగుతుంది. రాయి అంచు దగ్గర తీగలు నలగకుండా చెక్క లేదా ఉక్కు మూల కవచం పెట్టాలి. మెలితిరిగిన, తీగలు లేచిన మోకుని పక్కన పారేయాలి.

ఓడ అడుగు ఎంత మోయగలదో ఓడ పత్రాల్లో చదరపు మీటరుకి టన్నుల్లో ఉంటుంది. 1.9 మీటర్ల ఎత్తు దిమ్మ ఒక్క వరసకే 5.7 టన్నులు పెడుతుంది. రెండో వరస వేసే ముందు చీఫ్ ఆఫీసర్ లెక్క రాతలో తీసుకోండి.

దెబ్బ తింటే

పగులు కంటికి కనబడితే సరుకు తీసుకునే ముందు గానీ, తీసుకుంటున్నప్పుడు గానీ రాతపూర్వకంగా తెలపాలి. లోపలిదైతే 3 రోజుల్లోపు. హేగ్-విస్బీ నియమాల ప్రకారం దావాకి గడువు ఒక ఏడాది. ఓడ కంపెనీ బాధ్యత ఒక్కో ప్యాకేజీకి 666.67 లేదా కిలోకి 2 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం), ఏది ఎక్కువైతే అది. రాయి బరువైన సరుకు కాబట్టి కిలో లెక్కే లాభం. అయితే దెబ్బకి కారణం మీ కట్టే అని తేలితే వాళ్లు పైసా ఇవ్వరు. తడిపి చూస్తే సన్నని బీట నల్లగా గీతలా కనిపిస్తుంది. అది పాతదా కొత్తదా అనేది చూడండి: పాత బీటలో మట్టి, తుప్పు మరక ఉంటుంది, కొత్త విరుపులో రాయి మెరుస్తుంది. పంపే ముందే దిమ్మని తడిపి ఆరు ముఖాలూ ఫొటో తీసి ఉంచుకుంటే ఈ తగువు అక్కడే తెగుతుంది.

ఖాళీ కంటైనర్

రాయి దించుకున్న యార్డు పెట్టెని చీలలు పీకకుండా, విరిగిన దుంగలతో, రాతిపొడితో అలాగే డిపోకి తోస్తుంది. డిపో వాడు శుభ్రం చేసినందుకు, అడుగు ప్లైవుడ్ మార్చినందుకు బిల్లు వేస్తే అది ఒప్పందం బట్టి మీ దగ్గరికీ రావచ్చు. చీలలు ఎవరు పీకాలో కొనుగోలుదారుతో ముందే రాసుకోండి. ఖాళీ పెట్టె అడుగు ఫొటో, డిపో రసీదు తీసుకున్న తేదీ, రెండూ అడిగి దాచుకోండి. డిటెన్షన్ మీటరు ఆగేది ఆ రసీదు తేదీ దగ్గరే.